ముక్కలు కలపరాదు

ఆయన పని విరవడం. ఇనుము తెస్తే ఇనుము విరిచేవాడు, అల్యూమినియం తెస్తే అల్యూమినియం విరిచేవాడు, ఎవరూ ఏమీ తేని రోజు మాటలు విరిచేవాడు. అందుకే ఆ పరీక్షశాలలో అందరికీ ఆయన విరుపుల మాస్టారు. ఆ పేరు పెట్టినవాళ్లంతా ఎప్పుడో రిటైరైపోయారు. పేరు మాత్రం బీట పడకుండా నిలిచింది.

పరీక్షశాల అంటే ఒక పెద్ద రేకుల షెడ్డు. మధ్యలో అద్దాల గోడ. ఇటువైపు మాస్టారి లోహాలు, వాటి మధ్య ఆయన లాగుడు మిషన్. దానికి పైనొక దవడ, కిందొక దవడ. నడుమ వేలెడంత కడ్డీ బిగించి మీట నొక్కితే పై దవడ నింపాదిగా పైకి పోతుంది. కడ్డీ సాగుతుంది, దాని నడుం సన్నబడుతుంది, ఠప్పున తెగుతుంది. ఎంత బరువుకి తెగిందో అదే దాని బలం.

"మాది తెగే తెగ," అని చూడవచ్చిన వాళ్లతో చెప్పేవాడు మాస్టారు. "ముందు మర్యాదగా, ఇనుమా, నా మాట వినుమా అంటాను. వినదు. అప్పుడు లాగుతాను. అది తెగుతుంది, నేను తెగ సంతోషిస్తాను."

అద్దానికి అటువైపు పొరల మేడం. నల్లటి కార్బన్ పోగుల గుడ్డని జిగురులో తడిపి, పొర మీద పొర పేర్చి, వేడిమీద గట్టిపరిచిన పలకలు ఆవిడ దగ్గరికి వస్తాయి. విమానం తోకలకీ గాలిమర రెక్కలకీ వాడే సరుకు. ఉక్కు కంటే తేలిక, బలంలో ఉక్కుతోనే పోటీ. దాని జబ్బు వేరు. చేతిలోంచి స్పానర్ జారి పలక మీద పడితే పైకి గీత కూడా కనబడదు, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉంటాయి. అందుకని మేడం చిన్న సుత్తితో పలకంతా తట్టుకుంటూ, చెవి ఒగ్గి వింటుంది. బాగున్న చోట టక్కుమంటుంది. విడిపోయిన చోట డొల్లగా బొక్కుమంటుంది.

"పైకి పొందిక, లోపల పొరపొచ్చాలు," అనేవాడు మాస్టారు తలుపు సందులోంచి తల పెట్టి. "అచ్చం మా సంసారంలాగే మేడం."

"మీ ఇంట్లో పైకి పొందికుందని ఎవరు చెప్పారు మాస్టారూ," అనేది ఆవిడ తట్టడం ఆపకుండా.

మిషన్ పక్కన గోడ మీద ఒక అట్ట ఉంది. మాస్టారి చేతిరాతే. "ముక్కలు కలపరాదు." ఆయన జీవితంలో విరుపు లేకుండా రాసిన వాక్యం బహుశా అదొక్కటే.

విరిగిన వస్తువు రెండు ముక్కల్నీ చేతిలోకి తీసుకోగానే మనిషన్నవాడు మొదట చేసే పని వాటిని అతికించి చూడటం. కప్పు చెవి ఊడినా అంతే, కళ్లజోడు కాడ విరిగినా అంతే. చెయ్యి దానంతటదే పోతుంది. ఈ షెడ్డులో మాత్రం అది మహాపాపం. వస్తువు ఎలా విరిగిందో చెప్పేది ఆ విరిగిన ముఖాలే. ఒక్కసారిగా పెద్ద బరువు పడి తెగితే ముఖం ఒక తీరుగా ఉంటుంది, గరుగ్గా, కంటికి ఆనని గుంటలతో. అలా కాక, రోజూ ఎత్తే మామూలు బరువులకే లోపల ఒక పగులు పుట్టి, కాస్త కాస్తగా పాకి, చివరికి తెగిందనుకోండి, దాన్ని లోహానికి వచ్చిన అలసట అంటారు. అప్పుడు ముఖం మీద వలయాలు పడతాయి, ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు. వలయాలు ఒక్కోసారి కంటికే ఆనినా, వాటి గట్లు గుంటల్లాగే దుమ్ముకంటే సన్నం. రెండు ముఖాల్నీ ఒకదానికొకటి ఆనించి ఒక్కసారి రుద్దారా, నలిగి చదునైపోతాయి.

అందుకే కొత్తగా చేరినవాళ్ల చేతులు ముక్కల మీదికి పోగానే షెడ్డు రేకులు అదిరేలా అరిచేవాడు మాస్టారు. "కలపకు. అది ఇప్పుడే నోరు తెరిచింది. నువ్వు మూసెయ్యకు."

ఇంట్లో కూడా ఇవే కబుర్లు. ఆయన భార్యకి ఇవి విని విని చెవులకి అలసట వచ్చింది గానీ ఆవిడ తమ్ముడు మాత్రం శ్రద్ధగా వినేవాడు. బామ్మర్ది ఇనుప రేకుల యార్డులో క్రేన్ డ్రైవరు. పొద్దస్తమానం పైన అద్దాల గదిలో ఒంటరిగా కూర్చుని కిందవాళ్ల చేతి సైగలే చూసేవాడు కాబట్టి మాట తక్కువ. బావ పొద్దున వేసిన జోకుకి సాయంత్రం నవ్వేవాడు. అయినా నవ్వేవాడు, ఇంట్లో అలా నవ్వే మనిషి అతనొక్కడే.

"సాక్షి మాట మారుస్తాడురా," అనేవాడు మాస్టారు అన్నం కలుపుతూ. "విరిగిన ముక్క మాత్రం మాట మార్చదు. ఒక్క ముక్క చాలు, కథంతా చెబుతుంది." అని ఉల్లిపాయ ముక్క ఒకటి ఎత్తి వలయాలు చూపించేవాడు. బామ్మర్ది చెయ్యి కంచంలోనే ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం యార్డులో రేకుల కట్ట గాల్లో ఉండగా క్రేన్ కొక్కేనికి పైనుండే మరలు చెక్కిన కాడ తెగింది. కట్ట కింద పడింది. కింద గొలుసులు కట్టే మనిషి ఉన్నాడు. అందరూ పొట్టి అనేవారు. బామ్మర్దీ పొట్టీ క్యారేజీలు పంచుకు తినేవాళ్లు. పొట్టి చెయ్యి ఎత్తితేనే బామ్మర్ది కట్ట ఎత్తేవాడు. ఆ రోజూ పొట్టి చెయ్యి ఎత్తాడు. తర్వాత ఆ చెయ్యి ఒక్కటే రేకుల బయట కనబడింది.

యార్డువాళ్లు క్రేన్ డ్రైవరు లివర్ని ఒక్క ఊపున లాగాడన్నారు. ఊపు వల్లే కొక్కెం తెగిందన్నారు. విచారణ తేలేదాకా క్రేన్ ఎక్కొద్దన్నారు. తెగిన కొక్కెం ముక్కలు తుక్కులో పడ్డాయి. బామ్మర్ది తుక్కంతా వెతికి రెండు ముక్కలూ ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ సమయానికి మాస్టారు ఎక్కడో దూరంగా ఒక వంతెన బోల్టుల పని మీద ఉన్నాడు. ఫోనులోనే విన్నాడు.

"ముక్కలు దొరికాయా? ఇంకేం. జాగ్రత్తగా దాచు. ఎవరికీ ఇవ్వకు. నేనొచ్చి చూస్తా. నువ్వు బరువులెత్తేవాడివిరా, తలెత్తుకునే తిరుగు," అన్నాడు. అని, తన విరుపుకి తనే కొంచెం నవ్వి, అవతల నవ్వు వినబడకపోయేసరికి, "సాయంత్రానికి నవ్వుదువుగానిలే," అని పెట్టేశాడు.

వంతెన పని అనుకున్నదానికంటే సాగింది. తిరిగొచ్చిన మర్నాడే బామ్మర్ది షెడ్డుకొచ్చాడు. మెత్తటి తుండులో చుట్టిన మూటని పసిబిడ్డని మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మనిషి బాగా చిక్కాడు.

"ఏరా, కొక్కేనికి దుప్పటి కప్పావు, చలేస్తోందా దానికి," అన్నాడు మాస్టారు.

బామ్మర్ది నవ్వలేదు. మూట బల్ల మీద పెట్టి విప్పాడు.

లోపల రెండు ముక్కలు లేవు. ఒక్క కొక్కెమే ఉంది, నిటారుగా, పూర్తిగా. తెగిన చోట సన్నని తాడుతో గట్టిగా బిగించి కట్టాడు.

"చూడు బావా," అన్నాడు తాడు విప్పుతూ. "ఎలా అతుకుతుందో చూడు." పై ముక్క తీశాడు, మళ్లీ పెట్టాడు, సరిగ్గా కుదిరేదాకా అటూ ఇటూ తిప్పాడు. గ్రక్కుమని కూర్చుంది. "వెంట్రుక దూరదు. సాగి ఉంటే ఇలా కూర్చోదు కదా. బరువెక్కువైతే నడుం సన్నబడుతుందని నువ్వే చెప్పావు. ఎక్కడైనా సన్నబడిందా? విచారణ ఆఫీసరుకి చూపించాను. యూనియన్ వాళ్లకి చూపించాను. పొట్టి వాళ్లన్న ఇంటికెళ్లి చూపించాను. టీకొట్టు దగ్గర అడిగినవాళ్లందరికీ చూపించాను."

మాస్టారి గొంతులోంచి ఒక అరుపు బయల్దేరి సగంలో ఆగింది. ఆయన గోడ మీది అట్ట వైపు చూసి, వెంటనే కళ్లు తిప్పుకున్నాడు.

"ఎవరికి చూపించినా ఇలా కలిపే చూపించావా?"

"కలిపితేనే కదా బావా తెలిసేది."

"ఇంత మెరుస్తోందేంటిరా ముఖం?"

"వానలో తుక్కులో పడుంది కదా, తుప్పు లేచింది. ఉప్పుకాగితంతో రుద్దా. తర్వాత రోజూ నూనె గుడ్డతో తుడుస్తున్నా. నువ్వు జాగ్రత్తగా దాచమన్నావుగా."

మాస్టారు పై ముక్క చేతిలోకి తీసుకున్నాడు. ముఖం నున్నగా, అన్నం తిన్న స్టీలు కంచం తోమినట్టుంది. "సరే, ఇక్కడ పెట్టి వెళ్లు," అన్నాడు.

బామ్మర్ది వెళ్లలేదు. స్టూలు మీద కూర్చుని తాడు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"బావా, విచారణవాళ్లు ఏం తేల్చుకున్నా తేల్చుకోనీ. నాకు ఒక్కటే తెలియాలి. కట్ట లేస్తున్నప్పుడు ఒక కుదుపు వచ్చింది. నా సీటుకి తెలిసింది. ఆ కుదుపు నా చేతి నుంచి వచ్చిందా, కొక్కెం తెగబోతూ వచ్చిందా? నేను లివరు ఊపుగా లాగానా? రోజూ లాగినట్టే లాగాననుకుంటా. కానీ ఆలోచించిన కొద్దీ నా చెయ్యి గట్టిగా లాగినట్టే అనిపిస్తోంది. పడుకుంటే చెయ్యి దానంతటదే లాగుతోంది."

"చూస్తాలేరా."

"అది అలసిపోయి తెగిందంటే ఆ కుదుపు దానిది. లేదంటే నాది. పొట్టిని నేను చంపానా, అది చంపిందా. అంతే. నువ్వు చూసి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతా."

బామ్మర్ది వెళ్లాక మాస్టారు ముక్కల్ని తీసుకుని అద్దానికి అటువైపు వెళ్లాడు. ఆ షెడ్డులో పెద్ద మైక్రోస్కోప్ పొరల మేడం గదిలోనే ఉంది. ఆవిడ ముక్కని అద్దం కింద పెట్టి, తెర మీద బొమ్మ రాగానే, "అయ్యో, ఎవరు కలిపారండీ దీన్ని," అంది. మాస్టారు ఖాళీ తుండుని మడవడం మొదలుపెట్టేసరికి, అది ఇంటివాళ్ల పనేనని ఆవిడకి అర్థమైంది. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

తెర మీద గీతలు. ఉప్పుకాగితం గీతలు ఒకవైపు, ముక్కని తిప్పి తిప్పి కూర్చోబెట్టిన గీతలు ఇంకోవైపు. మధ్యమధ్య నలిగి సాపైన లోహం, దున్నిన పొలం మీద రోడ్డు రోలరు పోయినట్టు. మేడం అంచు వెంబడి మెల్లగా జరుపుకుంటూ పోయింది. మర చుట్టు మొదలయ్యే గాడి లోతులో, ఉప్పుకాగితం చేరని ఒక మూల కనబడింది. ఇద్దరూ తెరకి దగ్గరగా వంగారు. మేడం బొమ్మ పెద్దది చేసింది.

తుప్పు. వాన పడ్డ రోజున లేచిన తుప్పు ఆ మూలని పూర్తిగా తినేసింది.

"పక్క మరల్లో పిల్ల పగుళ్లు ఏమైనా ఉంటే?" అన్నాడు మాస్టారు. పెద్ద పగులు పుట్టినచోట కొన్నిసార్లు దాని తోబుట్టువులు కూడా ఉంటాయి. ఒక్కటి దొరికినా అలసట అని చెప్పవచ్చు. కాడని నిలువునా కోశారు. నున్నగా సానపట్టి చూశారు. ఒక్క పగులూ లేదు. లోహం గట్టితనం చూశారు. ఉండవలసినంత ఉంది. మంచి ఉక్కు, వంక పెట్టడానికి లేదు.

"సాగలేదు కదా మాస్టారూ," అంది మేడం, ఆయన మీద జాలితో, తనకే నమ్మకం లేకుండా.

"ఇది బాగా గట్టి ఉక్కు మేడం. గాడి దగ్గర, కుదుపు మీద, సాగకుండానే తెగుతుంది. మీకు తెలియదా. అలా అయినా తెగుతుంది, ఇలా అయినా తెగుతుంది. ఎలాగో చెప్పేది ముఖమొక్కటే." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పాతికేళ్లుగా షెడ్డులో చీమకి కూడా చెప్పాను మేడం, కలపొద్దని. అట్ట కట్టాను. ఇంట్లో వాడికి ఉల్లిపాయ చూపించాను, వలయాలు చూపించాను. ఫోనులో తలెత్తుకు తిరగమని వాడిమీదే ఒక విరుపు విరిచాను. ఆ ఊపిరితోనే కలపకు, రుద్దకు అని ఇంకో రెండు మాటలు వచ్చేవి."

మేడం మైక్రోస్కోప్ దీపం ఆర్పేసింది.

ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. ఆయన చెప్పులు విప్పకముందే ముఖం చదివేసింది.

"తేలలేదా?"

"తేలదు. వాడే చెరిపేసుకున్నాడు, తుడిచీ రుద్దీ. తెలియక."

"వాడికి చెప్పకండి ఆ మాట. వాడే చెరుపుకున్నాడని అసలు చెప్పకండి."

"మరేం చెప్పను?"

"అలసటేనని చెప్పండి. విచారణవాళ్లకి మీకు నచ్చింది చెప్పుకోండి, వాళ్లెలాగూ వాడి మీదకే తోస్తారు. వాడికి మాత్రం, కొక్కేనిదే తప్పురా అనండి. అన్నం తినడం లేదు, చెయ్యి చూసుకుంటూ కూర్చుంటున్నాడు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నోటికొచ్చిందల్లా మాట్లాడారు, నేను పడ్డాను. ఈ ఒక్కసారి పనికొచ్చే అబద్ధం ఒకటి ఆడండి."

"నేను విరిచేవాణ్నే గానీ అతికించేవాణ్ని కాదే," అన్నాడు మాస్టారు. అలవాటుగా వచ్చిన మాటే. ఆవిడ ముఖం చూసి, "సరే," అన్నాడు.

బామ్మర్ది మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. మాస్టారు ముక్కల్ని తుండులో చుట్టి సిద్ధంగా పెట్టుకున్నాడు. దారిలో అన్నీ అనుకుని ఉంచుకున్నాడు కూడా.

"అలసటేరా," అన్నాడు. "కొక్కెం ఎప్పట్నుంచో లోపల పగులుతూ వచ్చింది. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు తెగేది. నువ్వు కాకపోతే ఇంకో డ్రైవరు. నీ చేతి తప్పేం లేదు."

బామ్మర్ది భుజాలు కొంచెం దిగాయి. తాడు జేబులో పెట్టుకున్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత తలెత్తి బావ ముఖంలోకి చూశాడు. క్రేన్ మీంచి కిందవాళ్ల సైగలు చూసే మనిషి చూపు అది. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"మళ్లీ చెప్పు బావా."

"నీ తప్పు లేదురా."

"మా నాన్న పోయిన రోజు ఆస్పత్రి వరండాలో కూడా నువ్వు జోకేశావు. అక్క నీతో ఎన్నాళ్లో మాట్లాడలేదు. నాకు ఉద్యోగం పోయేలా ఉన్నప్పుడు వేశావు. పొట్టి చచ్చిపోయాడని ఫోను చేస్తే అప్పుడూ వేశావు. ఇప్పుడు మంచి మాట చెబుతున్నావు. ఒక్క విరుపు లేదేం?"

మాస్టారు నోరు తెరిచాడు. కొక్కెం మీద ఏదో ఒకటి ఉండకపోదు. తెగడం మీద బోలెడున్నాయి. తెగ వాడినవి, అరిగినవి, ఏదో ఒకటి చాలు, వాడి ముఖం తేటపడుతుంది, వాడు సాయంత్రానికి నవ్వుతాడు. పిలవకుండానే వచ్చే మాటల్ని ఆయన జీవితంలో మొదటిసారి పిలిచాడు. ఒక్కటీ రాలేదు.

"ఉల్లిపాయ చూపించు," అన్నాడు బామ్మర్ది.

"అది మైక్రోస్కోప్‌లోనే..."

"కంటికి కూడా కనబడుతుందని చెప్పావు. కంచం ముందు కూర్చుని చెప్పావు." బామ్మర్ది తుండు విప్పి కింది ముక్క తీసి, విరిగిన ముఖాన్ని కిటికీ వైపు తిప్పాడు. కిటికీ ఊచలు అందులో కనబడ్డాయి. అతను వేలితో దాన్ని ఒకసారి నిమిరి, వేలి వైపు చూసుకున్నాడు. అప్పుడు గోడ మీది అట్ట కూడా చూశాడు. నిన్న వచ్చినప్పుడు కొక్కెం చూపించే తొందరలో దాన్ని చూడలేదు. పెదాలు కదుపుతూ చదివాడు.

"నేనేనా?" అన్నాడు.

"ఒరేయ్, ఫోనులో నేను చెప్పవలసింది..."

"జాగ్రత్తగా అన్నావు బావా. జాగ్రత్తగానే రుద్దాను."

అద్దానికి అటువైపు పొరల మేడం సుత్తి పలక మీద నడుస్తోంది. టక్కు, టక్కు, టక్కు. ఒకచోట బొక్కుమంది. ఆవిడ మళ్లీ అక్కడే తట్టింది.

బామ్మర్ది రెండో ముక్క కూడా తీశాడు. కోత పడి అది ఇప్పుడు నిలువునా సగమే మిగిలింది. కింది ముక్క మీద దాన్ని పెట్టి, కుదరకపోతే అటూ ఇటూ తిప్పసాగాడు. మాస్టారి గొంతులోకి అలవాటైన అరుపు వచ్చింది, కలపకు అని. వచ్చి, అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కలిపినా చెడేదేమీ లేదు.

కొక్కెం బరువుకి బామ్మర్ది చెయ్యి కిందికి వాలుతోంది. మాస్టారు బల్లకి అటువైపు నుంచి చెయ్యి చాపి, కొక్కేన్ని కిందనుంచి పట్టుకున్నాడు. ముక్క కూర్చుంది.

"ఇది నా చెయ్యేనా బావా, లాగింది?"

మాస్టారు కొక్కెం వదల్లేదు. సాయంత్రం షెడ్డు మూసేవాడు వచ్చి దీపాలు ఆర్పనా అని అడిగేదాకా ఇద్దరూ అలాగే దాన్ని పట్టుకుని కూర్చున్నారు.